నీలాపనింద



వినాయక చవితినాడు అక్షతలు చేతబట్టి శమంతకోపాఖ్యానము వినని తెలుగు ఇల్లాలు అరుదు. ఈ యేడు మా యింట కథ చదువు వంతు నాది. మా కొడకండ్లకు పొరుగుననే బమ్మెర యున్నది. పోతనామాత్యుడు భాగవత దశమస్కంధమున ఈ కథను చెప్పియున్నాడు గనుక ఈ ప్రాంతమువారికి ఇది ఇంటికథ వంటిది.

ప్రసేనుడు మణిని మెడను ధరించి వేటకు పోయెను, తిరిగి రాలేదు. అంతకుముందు ఆ మణిని రాజునకిమ్మని శ్రీకృష్ణుడు అడిగియుండెను. అడిగినవాడే చంపి తీసికొనెనని సత్రాజిత్తు అనుమానించెను. ఆ మాట ఒకరి చెవినుండి మరియొకరి చెవికి ప్రాకి ద్వారకయంతట నిండెను. సాక్షి లేడు, శవము లేదు, మణి కనబడలేదు. ఒకప్పుడు అడిగెనన్న మాట యొక్కటియే నేరమునకు ఆధారమయ్యెను.

కథ ముగిసి తలలపై అక్షతలు వేసికొనుచుండగా మా పెద్దమ్మాయి తన సెల్లుఫోను చూచి, "అమ్మా, లండన్ల నూట ముప్పయ్యేండ్ల కింద ఆడోళ్లను చంపినోడు దొరికిండట!" అని కేక వేసెను. "ఎవడే వాడు?" అని మావారు అడిగిరి. "పోలండు నుంచి వచ్చిన క్షవరం చేసేటాయన. శాలువా మీది నెత్తురు పరీక్ష జేసిండ్రట" అని అది చెప్పెను. ఉండ్రాళ్లు పంచుటకు పట్టిన కాలములో ఇంటిల్లిపాదియు ఆ క్షురకుని దోషిగా తీర్మానించితిమి. నేనును తలయూపితిని. రాత్రి గిన్నెలు సర్దుచుండగా నాకు సిగ్గు కలిగెను. నీలాపనింద కథ చదివి పుస్తకమైనను మూయకమునుపే ఒక మనుష్యునిపై అయిదు హత్యలు మోపితినిగదా! ఆ తలయూపునకు ప్రాయశ్చిత్తముగా ఆ విషయమును గూర్చి దొరికినంత చదివితిని. చదివినదానిని ఈ నెల మీ ముందుంచుచున్నాను. తూచి చూచి తీర్పు మీరే చెప్పుడు.

విక్టోరియా రాణి యేలుబడిలో 1888వ సంవత్సరమున లండను నగరపు తూర్పుభాగమున, వైట్‌చాపెల్ అను పేటయందును దాని చుట్టుప్రక్కలను ఈ ఘోరములు జరిగెను. అది బీదల పేట. రాత్రికి నాలుగు పెన్నీలు ఇచ్చినవారికి సత్రమున పడక, ఇయ్యలేనివారికి వీథి. ఆగస్టు 31న మేరీ ఆన్ నికల్స్, సెప్టెంబరు 8న యానీ చాప్మన్ హతులైరి. సెప్టెంబరు 30 తెల్లవారుజామున ముప్పావుగంట వ్యవధిలోనే ఎలిజబెత్ స్ట్రైడ్, కాథరిన్ ఎడ్డోస్ అనువారి శవములు రెండుచోట్ల కనబడెను. నవంబరు 9న మేరీ జేన్ కెల్లీ తాను అద్దెకున్న గదిలోనే చంపబడెను. ఇంకను కొన్ని హత్యలను ఇందు చేర్చువారు కలరు గాని, ఈ అయిదింటిని ఒకని పనిగా ఎక్కువమంది యెంచుచున్నారు.

లోకమునకు ఆ హంతకుని మారుపేరు తెలియును. అది 'చీల్చు జాక్' అను అర్థము గల 'జాక్ ది రిప్పర్' అను పేరు. ఒక వార్తాసంస్థకు వచ్చిన జాబు చివర ఆ పేరుండెను. ఆ జాబును పత్రికలవాడొకడే కల్పించెనని పోలీసు అధికారులే తరువాత అభిప్రాయపడిరి. కల్పించిన ఆ పేరు నిలిచినది. చచ్చిన స్త్రీల పేర్లు మాత్రము ఎవ్వరికిని జ్ఞాపకము లేవు. ఆ అయిదుగురిలో నలుగురు నలువది యేండ్లు దాటినవారు. బిడ్డలను కన్నవారును, భర్తలనుండి విడివడినవారును, మద్యమునకు లోబడినవారును వారిలో కలరు. నికల్సును, చాప్మనును ఆ రాత్రి పడకకు డబ్బు లేక సత్రమునుండి వెలుపలికి రావలసినవారైరి. నాలుగు పెన్నీలు ఉండినచో ఆ రాత్రి వారు తలుపులోపల నుండెడివారు. ఈ విచారణలో నాకు అన్నిటికంటె రూఢిగా తోచిన సత్యము ఇదియే.

ఇక అనుమానముల సంగతి. ఆ పేటలో రష్యా, పోలండు దేశములనుండి వలసవచ్చిన యూదులు వేలకొలది యుండిరి. ఇంగ్లీషువాడు ఇట్టి పని చేయడని జనులు అనుకొనిరి. కావున పరదేశివాడే చేసియుండవలెనని గట్టిగా నమ్మిరి. 'తోలు ఉడుపు' అను మారుపేరు గల ఒక యూదుడు స్త్రీలను బెదరించునని పుకారు పుట్టెను. సెప్టెంబరు 10న జాన్ పైజర్ అను చెప్పులు కుట్టువానిని పట్టుకొనిరి. విచారింపగా, నికల్సు హతురాలైన రాత్రి అతడు మరియొక పేటలో నుండి, రేవులలో రేగిన మంటలను చూచుచు ఒక పోలీసువానితో మాటలాడినట్లు తేలెను. అతని విడిచిపెట్టిరి. ఆ పోలీసువాడు దారిలో తగులకుండినచో పైజరు గతి యేమి?

సెప్టెంబరు 30 రాత్రి మరియొకటి జరిగెను. ఎడ్డోసు ఒడిగుడ్డ ముక్క రక్తముతో ఒక గుమ్మమున దొరికెను. ఆ గుమ్మపు గోడమీద యూదులను గూర్చి సుద్దతో వ్రాసిన వ్రాత యుండెను. తెల్లవారి జనులు చూచినచో యూదుల యిండ్లపై పడుదురని భయపడి, పోలీసు కమీషనరు చార్లెస్ వారెన్ దానిని ఫొటో తీయకమునుపే తుడిపించెను. ఋజువును చెరిపినాడని ఆయనను ఇప్పటికిని నిందింతురు. ఇరుగుపొరుగువారి ప్రాణములకంటె సుద్దవ్రాత యెక్కువ కాదని ఆయన యెంచినట్లున్నది. మీరైనచో ఏమి చేసియుందురో ఆలోచింపుడు.

మా పెద్దమ్మాయి చెప్పిన క్షురకుని పేరు ఆరన్ కాస్మిన్‌స్కీ. పోలండులోని క్లోదావా యను ఊరిలో 1865లో పుట్టి, యౌవనారంభమున బంధువులతో లండను చేరి, వైట్‌చాపెల్ ప్రాంతమున క్షౌరవృత్తి చేసెను. హత్యల కాలమున అతనికి 23 ఏండ్లు. తరువాత మతి చెడెను. 1891 ఫిబ్రవరిలో కోల్నీ హాచ్ అను పిచ్చాసుపత్రిలో చేర్చిరి. 1894లో లీవ్స్‌డెన్ అను మరియొక ఆసుపత్రికి మార్చిరి. 1919 మార్చిలో అక్కడనే కన్నుమూసెను. అతనిపై ఒక్కనాడును నేరము మోపలేదు, విచారణ జరుగలేదు.

మొదట అతనికి ప్రతికూలమైన సాక్ష్యమును తక్కెడలో పెట్టుదము. ఒక పక్షమే విని తీర్పు చెప్పుట న్యాయము కాదు. ముగ్గురు పెద్ద పోలీసు అధికారుల వ్రాతలు అతనివైపు వ్రేలు చూపుచున్నవి. 1894 ఫిబ్రవరిలో మెల్విల్ మక్‌నాటన్ అను అధికారి ఒక నివేదికలో ముగ్గురు అనుమానితులను పేర్కొనెను. అందు 'కాస్మిన్‌స్కీ' ఒకడు. స్త్రీలపై మిక్కిలి ద్వేషము గలవాడని ఆయన వ్రాసెను. 1910లో రాబర్ట్ ఆండర్సన్ తన స్మృతిగ్రంథమున, హంతకుడు పోలండు యూదుడనియు, అతనిని చూచిన ఒక సాక్షి గుర్తుపట్టియు న్యాయస్థానమున చెప్పుటకు ఒప్పుకొనలేదనియు వ్రాసెను, పేరు వ్రాయలేదు. ఆ గ్రంథపు తన ప్రతిలో డొనాల్డ్ స్వాన్సన్ అను మరియొక అధికారి పెన్సిలుతో ఆ పేరు కాస్మిన్‌స్కీ యని గుర్తు పెట్టుకొనెను. ఆ వ్రాత 1987లో లోకమునకు తెలిసెను. 1888లో ఈ కేసు కాగితములన్నియు స్వాన్సను చేతిమీదుగా పోయినవి గనుక ఆయన మాట త్రోసివేయదగినది కాదు. ఇవిగాక, కాస్మిన్‌స్కీ ఒకప్పుడు తన సోదరిని కత్తితో బెదరించెనని ఆసుపత్రి కాగితములలో నున్నది.

ఇంతవరకు చదివి నేనును ఇంక సందేహమేల అనుకొంటిని. ఐనను కందిపప్పు కొన్నప్పుడు చాటలో పోసి చెరిగి చూతుముగదా! అట్లే ఒక్కొక్క మాటను చెరిగి చూడవలెను.

మక్‌నాటన్ పోలీసు కొలువున చేరినది 1889 జూనులో, అనగా హత్యలన్నియు జరిగిన తరువాత. ఆయన పేర్కొన్న ముగ్గురిలో మొదటివాడు మాంటేగ్ డ్రూయిట్. అతడు వైద్యుడని చెప్పుకొందురని ఆయన వ్రాసెను. నిజమునకు అతడు బారిష్టరు, పైగా బడిపంతులు. ఈ సంగతి చదివి వినిపింపగా మావారు కొంత నొచ్చుకొనిరి! మూడవవాడు మైకేల్ ఆస్ట్రోగ్. హత్యలు జరిగిన కాలమున అతడు ఫ్రాన్సు దేశపు చెరసాలలో నుండెనని తరువాత తేలినది. ముగ్గురిలో ఒకని వృత్తి తప్పు, మరియొకడు ఆ దేశముననే లేడు. అట్టి పట్టీలో మూడవ పేరు ఉన్నంతమాత్రమున ఎంత బరువు? అదియునుగాక కాస్మిన్‌స్కీ 1889 మార్చి ప్రాంతమున పిచ్చాసుపత్రి చేరెనని మక్‌నాటన్ వ్రాసెను. ఆసుపత్రి లెక్కలో ఆ తేదీ 1891.

స్వాన్సను వ్రాతయందును ఇట్టి చిక్కే యున్నది. అనుమానితుడు ఆసుపత్రి చేరిన కొలది కాలమునకే చనిపోయెనని ఆయన వ్రాసెను. కాస్మిన్‌స్కీ మరి 28 ఏండ్లు బ్రతికెను. అధికారులు తలచినవాడు ఇతడేనా, లేక పేర్లు కలగాపులగమై మరియొక రోగి కథ ఇతని మెడకు చుట్టుకొనెనా అని పరిశోధకులు నేటికిని వాదించుచున్నారు.

ఆ గుర్తుపట్టిన సాక్షి యెవడు? అతని పేరు ఎవ్వరును వ్రాయలేదు. ఎడ్డోసుతో ఒక పురుషుని చూచిన జోసెఫ్ లావెండే యను వర్తకుడని కొందరందురు. ఆ పురుషుని మరల చూచినను గుర్తుపట్టలేనని అతడే శవవిచారణలో చెప్పియుండెను. చీకటిలో క్షణకాలము చూచిన ముఖము, కాలము గడచినకొలది తేటపడునా, మసకబారునా?

ఆసుపత్రి వైద్యుల వ్రాతలు చూడుడు. కాస్మిన్‌స్కీకి లేని కంఠములు వినబడెడివి. ఇతరులు పెట్టిన అన్నము తినక కాలువలలో పడిన రొట్టెముక్కలు ఏరుకొని తినెడివాడు. స్నానమునకు ఒప్పుకొనెడివాడు కాడు. ఒకసారి పరిచారకునిపై కుర్చీ యెత్తెను. ఐనను చేర్చుకొన్ననాటి కాగితములో ఇతరులకు అపాయకారి కాడనియే వ్రాసిరి. పైగా కెల్లీ హత్య తరువాత రెండేండ్లకు పైగా అతడు చాలవరకు స్వేచ్ఛగా వీథులలో తిరుగుచునే యుండెను. అంతటి రక్తపిపాస గలవాడైనచో ఆ రెండేండ్లు ఊరకుండెనా? ఇదియు అతడు నిర్దోషి యనుటకు ఋజువు కాదు. తక్కెడలో వేయదగిన ప్రశ్న మాత్రమే.

ఇక శాలువా. ఎడ్డోసు శవమువద్దనుండి ఆమాస్ సింప్సన్ అను పోలీసు ఉద్యోగి దీనిని తీసికొనిపోయెనని ఆయన వంశీయుల యింట చెప్పుకొనెడివారు. 2007లో ఒక వేలమున దానిని రసెల్ ఎడ్వర్డ్స్ అనునాయన కొనెను. దానిమీది మరకలను పరీక్షింపగా కాస్మిన్‌స్కీ దోషి యని తేలెనని 2014లో ఒక గ్రంథమున ప్రకటించెను. 2019లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ పరీక్షలను ఒక శాస్త్రపత్రికలో వివరించిరి. అప్పటినుండి ఆ వార్త మాటిమాటికి క్రొత్తదివలె వచ్చుచునే యున్నది.

ఆ పరీక్ష యెట్టిదో నాకు అర్థమైనంత చెప్పెదను. మన దేహకణములలో తల్లినుండి మాత్రమే బిడ్డలకు సంక్రమించు ఒక వంశలేఖనము కలదు. తల్లి అమ్మమ్మనుండి, అమ్మమ్మ ఆమె తల్లినుండి పొందినది అది. శాలువామీది లేఖనమును, కాస్మిన్‌స్కీ సోదరి సంతతిలోని స్త్రీ లేఖనముతో పోల్చి సరిపోయెననిరి. ఇది ఇంటిపేరు వంటిది. ఇంటిపేరు వేరైనచో ఈ మనిషి కాదని తేల్చవచ్చును. కలిసినచో మాత్రము ఇతడే యని చెప్పరాదు, ఒకే ఇంటిపేరు గలవారు వేలకొలది యుందురు. 2014 గ్రంథమున అరుదని చూపిన ఒక గుర్తు, లెక్క వ్రాయుటలోని పొరబాటేగాని అరుదైనది కాదనియు, ఐరోపావారిలో నూటికి తొంబదితొమ్మిది మందికి పైగా ఉండునదే యనియు ఇతర శాస్త్రజ్ఞులు వెంటనే చూపిరి. నూరేండ్లకు పైగా చేతులు మారిన గుడ్డ అది. ఎందరు తాకిరో, ఎందరు దానిపై మాటలాడిరో, ఆ లెక్క ఎవరివద్దను లేదు.

అన్నిటికంటె నన్ను ఆపివేసినది మరియొకటి. ఎడ్డోసు ఒంటిమీదను, జేబులలోను ఉన్న వస్తువులన్నిటికి ఆ రాత్రియే పోలీసులు పట్టీ వ్రాసిరి. అది నేటికిని ఉన్నది. తేయాకు కొంచెము, చక్కెర కొంచెము రెండు రేకుడబ్బాలలో. సబ్బు ముక్కలు. దువ్వెన. గుడ్డముక్కకు గ్రుచ్చిన సూదులు. ఒక చెంచా. ఒంటిచేతి తొడుగు. తాకట్టు చీట్లు. మెడచుట్టు పలుచని ఎర్రని పట్టుగుడ్డ పేలిక. ఇల్లు లేని యిల్లాలు తన వంటయింటిని జేబులలో పెట్టుకొని తిరిగినది! సూదిని సైతము విడువక వ్రాసిన ఆ పట్టీలో ఈ శాలువా లేదు. మరియు ఆ హత్య జరిగినచోటు లండను సిటీ పోలీసువారి హద్దు. సింప్సన్ మెట్రోపాలిటన్ పోలీసువాడు. మనయింట పోయిన చీర మనకే తెలియదా? ఆమెకు లేని శాలువాతో ఆమెను చంపినవాని నెట్లు పట్టుదుము?

నా తక్కెడ చెప్పునది ఇది. కాస్మిన్‌స్కీని అనుమానించుటకు కారణము కలదు. దోషి యనుటకు ఆధారము లేదు. అతడు చేసియుండవచ్చును, చేయకయు ఉండవచ్చును. ఇన్నేండ్ల తరువాత మనము ఇంతకంటె ఒక్క మాట ఎక్కువ చెప్పినచో అది అసత్యమగును.

చచ్చిపోయిన పరదేశి గొడవ మనకేల యని కొందరు సోదరీమణులు అడుగవచ్చును. మన తెలంగాణ పల్లెలలో బాణామతి చేసినారన్న అనుమానముతోనే కొట్టబడినవారును, ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు. వారిలో దిక్కులేని ఆడువారెందరో! అక్కడను 'తోలు ఉడుపు' కథయే. ఐనను అంతదూరము పోనక్కరలేదు. నా యింటి సంగతియే చెప్పెదను.

నిరుడు శ్రావణ శుక్రవారమునాడు మా యింట వెండి కుంకుమభరిణె పోయెను. అది మా అత్తగారు నా చేత పెట్టినది. ఆనాడు పేరంటమునకు పదునలుగురు వచ్చిరి. మా మనసులు మాత్రము తిన్నగా బోళ్లు తోము అవ్వమీదికి పోయెను. కారణమేమి? ఆ వారమున ఆమె అయిదువందల రూపాయలు బదులడిగియుండెను. మరునాడు ఆలస్యముగా వచ్చెను. నా కన్నులలోనికి చూడలేదు. ఇవియే మా ఆధారములు. శ్రీకృష్ణుడు మణి నడిగెనన్న ఆధారమున కంటె ఇవి యేమి గట్టివి? పట్టుచీరలు కట్టి వచ్చిన పదునలుగురిలో ఒక్కరి పేరైనను మాకు తోచలేదు. నేను ఆమెను ఏమియు అనలేదు. పెట్టెకు తాళము మాత్రము వేయనారంభించితిని. నెల తిరుగకమునుపే ఆమె పని మానుకొనెను. పని మానుటయే ఆమె దొంగ యనుటకు ఋజువని మరల మేమే చెప్పుకొంటిమి.

కథలలోవలె ఆ భరిణె తరువాత బియ్యపుగోలెములో దొరికెనని వ్రాయుటకు లేదు. అది ఈనాటికిని దొరకలేదు. ఎవరు తీసిరో నాకు తెలియదు. ఆమె తీయలేదని చెప్పుటకును నావద్ద ఋజువు లేదు.

మొన్న ఆదివారము ఆమె యింటికి పోతిని. వాకిట కూర్చుండి చింతకాయ కొట్టుచుండెను. ఋజువు లేకుండ నిన్ను అనుమానించితిని, అది నా తప్పు అని చెప్పితిని. ఆమె రోకలి ఆపకయే, "నేను తీసిన్నని నువ్వు అనలేదు బిడ్డా. తియ్యలేదని గూడ అనలేదు" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. మరల పనికి రమ్మని అడిగితిని. "చూస్త" అని మరియొక చింతకాయ రోటిలో వేసెను.

శ్రీకృష్ణుడు తనమీద నింద పడగా కోపించి కూర్చుండలేదు. పౌరులను వెంటబెట్టుకొని అడవికి పోయి, చచ్చిన ప్రసేనుని, చచ్చిన సింహమును వరుసగా చూపి, జాడను జాంబవంతుని గుహవరకు పట్టెను. లోపల 28 దినములు పోరి మణిని తెచ్చి అందరి యెదుట సత్రాజిత్తునకిచ్చెను. జాడ చెడకమునుపు పట్టగలిగినవానికి అట్టి భాగ్యము కలదు. కాస్మిన్‌స్కీకి ఆ భాగ్యము లేదు, మా అవ్వకును లేదు. జాడ చెడినచోట మనము చేయదగినది ఒక్కటే. తెలియదని ఒప్పుకొని, తాళపుచెవులను గాక మన నాలుకను అదుపులో పెట్టుకొనుట.

తలుపునకు వేసిన ఆ తాళమును నేను తీసివేసితిని. అవ్వ వచ్చినదియు లేనిదియు వచ్చే నెల వ్రాసెదను.